శీతల గదిలో విద్యుత్ తూము

అహోబిలము, ఆళ్లగడ్డ ప్రాంతముల మిరప రైతులకు శీతల గిడ్డంగి క్రొత్త గాదు. గుంటూరు గిడ్డంగులలో సరకు నిలువచేసి, ధర వచ్చినపుడు అమ్ముకొనుట తెలిసినదే. పెద్ద గిడ్డంగులలో తఱచుగా అమోనియాను వాడుదురు. కూరగాయలకును పండ్లకును పెట్టుకొను చిన్న శీతల గదులలోను, పట్టణములలోని పెద్ద ఏ.సీ. యంత్రములలోను ఫ్రియాను జాతి వాయువులు పనిచేయును. ఈ రెండవ తరగతి యంత్రములకు ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వులు వచ్చుచున్నవి. గది చల్లబడనిచో మొదట నింద పడునది దానిమీదనే. మేము చూచినంతలో పెక్కుచోట్ల ఆ నింద అన్యాయము.

ఈ వాల్వు చెరువు తూము వంటిది. కట్టకు ఈవల ఒత్తిడితో నిలిచిన ద్రవము. ఆవల గదిని చల్లబఱచు గొట్టపుచుట్ట అను పొలము. తూము హెచ్చుగా తెఱచిన పొలము మునుగును; తగ్గించిన కడపటి మడి ఎండును. ఇచ్చట నీరుగంటి పనిని కంట్రోలరను పెట్టె చేయును. చుట్ట చివర గొట్టమునకు కట్టిన ఉష్ణమాపకమును, ఒత్తిడిమాపకమును దాని రెండు కన్నులు. బిరడాను కదలించునది చిన్న స్టెప్పరు మోటారు. కొన్నిటిలో దానికి 500 మెట్లుండును. దీనికి ముందటిది విద్యుత్తుతో పనిలేని వాల్వు. 1933లో డెన్మార్కు దేశమున మాడ్స్ క్లాసెను తన తల్లిదండ్రుల వ్యవసాయ క్షేత్రముననే డాన్‌ఫాస్ సంస్థను స్థాపించి అట్టి వాల్వులను చేయసాగెను. రైతు ఇంట పెరిగిన పనిముట్టనిన తప్పులేదు.

కడపటి మడి తడిని తెలుపు కొలతను మెకానిక్కులు సూపర్‌హీటందురు. దీనిని సభ్యులు తప్పక నేర్వవలెను. యంత్రములో 134ఏ వాయువున్నదనుకొందము. గేజి 28 పౌండ్లు చూపినచో లోపల ద్రవము సుమారు 0 డిగ్రీల వద్ద మరుగుచున్నదని యర్థము. చుట్ట చివర గొట్టము 6 డిగ్రీలున్నచో తేడా 6. సాధారణముగా 5 మొదలు 8 వఱకు మేలు. తేడా 15కు పెరిగిన చుట్టకు ద్రవము చాలదు. 1కిగాని 2కుగాని పడిన ద్రవమే కంప్రెసరునకు పోవుచున్నది. ఇది మఱింత ప్రమాదము. వాయువును అదుముటకు చేసిన యంత్రము ద్రవమును అదుమలేక విరుగును, గదిలోని సరకును చెడును.

తేడా పెరిగినచో ముందుగా అద్దపు కంటిని చూడుడు. ఎడతెగక బుడగలున్న వాయువు తగ్గియుండవచ్చును. ఫిల్టరునకు ముందుకంటె తరువాత గొట్టము చల్లగానున్న ఫిల్టరు పూడినది. ఈ రెంటికిని వాల్వు మార్చి ప్రయోజనము లేదు. గొట్టములు విప్పు పని మాత్రము శిక్షణ గలవానికే విడువవలెను.

పిదప నీరుగంటి కన్నులను పరీక్షింపవలెను. గ్లాసులో నలిపిన మంచుగడ్డయు కొలదిగా నీరును పోసి, ఉష్ణమాపకమును ముంచి, కొన్ని నిమిషములు ఆగుడు. పెట్టె 0 డిగ్రీలు చూపవలెను. ఒకచోట కంప్రెసరుపై మంచు పట్టుచుండగా వాల్వును మార్చిరి, మంచు మానలేదు. విచారింపగా ఉష్ణమాపకపు కట్టు వదలి, అది గొట్టమును గాక ఫ్యాను గాలిని కొలుచుచుండెను. పొలము ఎండినదని భ్రమించి పెట్టె తూమును తెఱచుచునే యున్నది. కట్టు బిగించి, పైన తొడుగు వేసినంతనే సరిపోయెను.

అటుపిమ్మట కరెంటు తీసి మోటారు చుట్లను ఓము మీటరుతో కొలువవలెను. అన్నియు దాదాపు సమానముగా నుండవలెను. ఒకటి తెగినచో మీటరు కదలదు. వానకాలమున కనెక్టరులో చెమ్మ చేరి చిలుము పట్టుట సామాన్యము. మరల కరెంటీయగా పెట్టె బిరడాను పూర్తిగా మూసి లెక్క మొదలిడును. అపుడు టిక్కుటిక్కను ధ్వని వినవచ్చును. ధ్వని యుండియు, బిరడా తెఱచినను మూసినను ఒత్తిడి మారనిచో, అపుడే వాల్వు మీద దోషము మోపవచ్చును.

మన పల్లెలకు మఱొక చిక్కు కలదు. కరెంటు పోయినపుడు స్టెప్పరు వాల్వు ఎచ్చట నున్నదో అచ్చటనే నిలుచును. తెఱచిన తూమునుండి ద్రవము చుట్టలోనికి దిగుచుండును. కరెంటు రాగానే కంప్రెసరు దానిని మ్రింగును. అందుచేత పెట్టెకు చిన్న బ్యాటరీ యుండవలెను, లేదా ద్రవపు గొట్టములో తనంతట మూసికొను సొలెనాయిడు వాల్వుండవలెను. బ్యాటరీయున్నచోట నెలకొకసారి మెయిన్ స్విచ్చి తీసి వాల్వు వద్ద చెవియొగ్గుడు. మూసికొను టిక్కుటిక్కు వినబడనిచో సరకు నింపకమునుపే బ్యాటరీ మార్పింపవలెను.