పందెం జరగకముందే గెలుపు చెప్పగలమా?

కడప నుంచి రాజంపేట వైపు వెళ్ళే దారిలో ఒంటిమిట్ట ఉంది. అక్కడి కోదండరామాలయాన్నీ, దాని చెంతనున్న పెద్ద చెరువునూ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ చుట్టుపట్లే కాదు, కడప, కర్నూలు సీమలలో తిరునాళ్ళు వచ్చాయంటే జనం ఎగబడి చూసే వేడుక ఒకటుంది. అదే బండలాగుడు పందెం. బరువైన బండను ఒక జత ఎద్దులు నిర్ణీత సమయంలో ఎంత దూరం లాగుతాయో కొలుస్తారు. ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు.

పందేనికి ముందు రైతులు తమ ఎద్దులకు సాధన చేయిస్తారు. మీరూ మీ స్నేహితుడూ ఆ సాధన చూడబోయారనుకోండి. ఒక జత అయిదు నిమిషాలలో పొలం ఈ చివరి నుంచి ఆ చివరికి బండను లాగింది. మరొక జతకు ఏడు నిమిషాలు పట్టింది. “ఇంకేముంది? మొదటి జతదే గెలుపు!” అన్నాడు మీ స్నేహితుడు. మీరేమంటారు?

తొందరపడకండి! ఆ రెండు బండల బరువూ ఒకటేనా? నేల గట్టిదా, ఇసుక నేలా? చల్లటి ఉదయమా, మిట్టమధ్యాహ్నమా? ఎద్దులకు అది ఆనాటి మొదటి లాగుడా, నాలుగవదా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియనంతవరకు “అయిదు నిమిషాలు” అన్న అంకె మనకేమీ చెప్పదు.

సరిగ్గా ఈ చిక్కే ప్రపంచంలోని మోటారు పందేల నిపుణులకూ ఏటా ఎదురవుతుంది!

తేలిక బండ, బరువు బండ

కార్ల పందేలు ఏడాదికొకసారి ఒక వరుసగా జరుగుతాయి. ఆ వరుస మొదలయ్యే ముందు జట్లన్నీ ఒకచోట చేరి తమ కొత్త కార్లను కొన్ని రోజులపాటు నడిపి చూసుకుంటాయి. దీనినే పరీక్షా పరుగు అంటారు. ఇందులో గెలుపోటములు లేవు, బహుమతులు లేవు. అయినా ఎవరు ఒక చుట్టును ఎన్ని సెకండ్లలో ముగించారో పట్టికలు వెలువడతాయి. పై వరుసలో ఎవరి పేరు ఉందో చూసి అభిమానులు సంబరపడిపోతారు.

ఫార్ములా వన్ కారు సంగతి చూడండి. 2025 వరకు పందెం ఆరంభంలో అది సుమారు నూరు కిలోల ఇంధనం మోయవలసి వచ్చేది. బరువు పెరిగితే వేగం పుంజుకోవడానికీ, మలుపు తిరగడానికీ, ఆగడానికీ కూడా ఎక్కువ సమయం పడుతుంది. అయిదు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఉండే ఒక చుట్టులో పది కిలోల ఇంధనం సుమారు 0.3 సెకండ్లు తినేస్తుందని ఒక ఉజ్జాయింపు లెక్క. అంటే నిండు టాంకుతో తిరిగిన కారుకూ, దాదాపు ఖాళీ టాంకుతో తిరిగిన కారుకూ అప్పట్లో మూడు సెకండ్ల తేడా వచ్చే వీలుండేదన్నమాట! అగ్రస్థానంలో ఉండే జట్ల అసలు తేడా మాత్రం తరచు ఒక సెకండు కూడా ఉండదు. మరి టాంకులో ఎంత ఇంధనం పోశారో ఏ జట్టయినా బయటికి చెబుతుందా? చెప్పదు! బండ బరువు దాచి, దూరం మాత్రం చూపించడం లాంటిదే ఇది.

హైదరాబాదుకు వచ్చిన కార్లు

ఇటువంటి ప్రపంచస్థాయి పందెం ఒకటి మన తెలుగునేల మీద కూడా జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగర్ ఒడ్డున, మామూలుగా బస్సులూ ఆటోలూ తిరిగే వీధులలోనే, ‘ఫార్ములా ఈ’ కార్లు పరుగెత్తాయి. ఇవి పెట్రోలుతో కాక బ్యాటరీతో నడిచే కార్లు.

ఆ ఏటి పరీక్షా పరుగు 2022 డిసెంబరులో స్పెయిన్ దేశంలోని వాలెన్సియా వద్ద జరిగింది. అక్కడ అందరికంటె తక్కువ సమయంలో చుట్టు ముగించినవాడు మాసెరాటి జట్టుకు చెందిన మాక్సిమిలియన్ గుంతర్. మరి అసలు పందేలలో ఏమైంది? జనవరి 14న మెక్సికో నగరంలో జేక్ డెన్నిస్ గెలిచాడు. ఆ నెలాఖరున సౌదీ అరేబియాలో జరిగిన రెండు పందేలలోనూ పాస్కల్ వెర్లైన్ గెలిచాడు. నాలుగవదైన హైదరాబాదు పందెం జాఁ ఎరిక్ వెర్న్‌ది. ఈ నాలుగింటిలో ఒక్కసారి కూడా గుంతర్ మొదటి మూడు స్థానాలలో లేడు!

కారణం వెతుకుదాం. ఒక్క చుట్టు శక్తిపరీక్షలో ఆ కార్లు 350 కిలోవాట్ల శక్తిని వాడుకోవచ్చు. పందెం నడిచేటప్పుడు మామూలుగా 300 కిలోవాట్లకు మించరాదు. అంతేకాదు, బ్యాటరీలోని శక్తిని చివరిదాకా పొదుపుగా వాడుకోవాలి. హైదరాబాదులో వెర్న్ గెలిచింది అలాగే. వెనుకనే తరుముకొస్తున్న నిక్ కాసిడీ కారులో మరి కాస్త ఎక్కువ శక్తి మిగిలి ఉన్నా, వెర్న్ అతనికి దారి ఇవ్వలేదు. పైగా వాలెన్సియా పందేల కోసమే కట్టిన వెడల్పాటి బాట. హైదరాబాదులోనివేమో గోడల నడుమ ఇరుకు వీధులు. నేల మారింది, బండ మారింది!

అయితే గుంతర్ వేగం ఉత్త భ్రమేనా? కాదు. అదే ఏడు జూన్ నెలలో జకార్తాలో అతను పందెం గెలిచాడు. పరీక్షా పరుగులోని అంకె అబద్ధం చెప్పలేదు. ఆ పరిస్థితులలో, ఆ ఒక్క చుట్టుకు అది నిజం. దానిని అన్ని పరిస్థితులకూ అంటగట్టడమే మన పొరపాటు.

ఒక చిన్న లెక్క

మరి వేగాన్ని అంచనా కట్టడమెలా? ఒక్క చుట్టును గాక, ఆగకుండా తిరిగిన చాలా చుట్లను చూడాలి. ఇదిగో, ఒక ఊహాజనిత లెక్క. మొదటి కారు తొలి చుట్టును 80 సెకండ్లలో ముగించింది. కాని టైర్లు అరిగినకొద్దీ సమయం సమంగా పెరుగుతూ వచ్చి పదిహేనవ చుట్టుకు 84 సెకండ్లు పట్టింది. రెండవ కారుకు తొలి చుట్టు 81, పదిహేనవ చుట్టు 82 సెకండ్లు.

మొదటి కారు సగటు 82 సెకండ్లు. పదిహేను చుట్లకు 1230. రెండవ దాని సగటు 81.5, మొత్తం 1222.5. చూశారా! పట్టికలో పైన కనిపించేది మొదటి కారు. ఏడున్నర సెకండ్లు ముందుగా గమ్యం చేరేది రెండవ కారు. ఎద్దుల సాధనలోనూ మొదటి నిమిషం కంటె చివరి నిమిషాన్నే శ్రద్ధగా చూడాలన్నమాట.

వేగం ఉంటే చాలా?

చివరిదాకా నిలవని వేగం వృథా. అందుకే ఎన్ని చుట్లు తిరిగారన్నది కూడా లెక్కపెడతారు. 2014లో ఫార్ములా వన్ జట్లన్నీ కొత్తరకం ఇంజన్లకు మారాయి. ఆ జనవరిలో స్పెయిన్‌లోని హెరెజ్ వద్ద నాలుగు రోజులు జరిగిన పరీక్షలో మెర్సిడెస్ జట్టు 309 చుట్లు తిరిగింది. అంతకుముందు వరుసగా నాలుగేళ్ళు విజేతగా నిలిచిన రెడ్ బుల్ జట్టు తిరగగలిగినవి 21 చుట్లే! అక్కడ ఒక చుట్టు 4.428 కిలోమీటర్లు. ఒక జట్టు 1368 కిలోమీటర్లు నడిపితే, మరొకటి 93 కిలోమీటర్లే నడిపింది. ఆ ఏడు జరిగిన 19 పందేలలో మెర్సిడెస్ 16 గెలిచింది. మిగిలిన మూడు రెడ్ బుల్‌వి.

అలాగని చుట్ల లెక్క జాతకం కాదు సుమా! మొట్టమొదటి పందెంలోనే మెర్సిడెస్ కార్లలో ఒకటి ఇంజన్ చెడి ఆగిపోయింది. రెండవ కారు గెలిచింది. ఎక్కువ చుట్లు తిరిగితే చెడిపోయే అవకాశం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

పరీక్షలో ఏదైనా విరిగితే జట్లు విచారించవు. దాచి ఉన్న లోపం ప్రమాదం లేని వేళ బయటపడింది గదా! అది ఆలస్యంగా బయటపడితేనే చిక్కు. మన దేశపు మహీంద్రా జట్టు సంగతే చూడండి. 2023లో మెక్సికో పందేనికి ఆ జట్టు చోదకుడు లూకాస్ డి గ్రాసీ అందరికంటె ముందు నిలిచి, మూడవ స్థానం సంపాదించాడు. కారుకు వేగం ఉందని తేలిపోయింది. కాని హైదరాబాదు పందెం ముగిసిన రెండు వారాలకు, దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో, వెనుక చక్రాల సస్పెన్షన్ భద్రం కాదేమోనన్న అనుమానం కలిగింది. చక్రాలను కారుకు పట్టి ఉంచి, కుదుపులు ఓర్చుకునే అమరిక అది. మహీంద్రా జట్టు, అవే యంత్రాలు వాడే మరో జట్టు తమ కార్లను పందెం నుంచి తప్పించాయి. గోడల మధ్య దూసుకుపోయే కారులో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. కాలు కుంటే ఎద్దుకు ఆ రోజు కాడి కట్టని రైతుది ఎటువంటి వివేకమో ఇదీ అటువంటిదే.

మీరూ చేసి చూడండి

ఇద్దరు స్నేహితులు, రెండు సైకిళ్ళు, ఒక ఇసుక మూట, ఒక గడియారం ఉంటే చాలు. మొదట ఇద్దరినీ మీ బడి మైదానం చుట్టూ ఒక్కొక్క చుట్టు తిరగమనండి, సమయం రాసుకోండి. తరువాత వేగంగా తిరిగినవాడి సైకిలు మీద మూట కట్టి మళ్ళీ తిప్పండి. మూట విప్పి, ఈసారి ఇద్దరినీ ఆగకుండా పది చుట్లు తిరగమని, ప్రతి చుట్టుకూ పట్టిన సమయం విడివిడిగా రాయండి. ప్రతి అంకె పక్కనా బరువెంత, నేల ఎలా ఉంది, ఎండ ఎంత, ఎన్నవ చుట్టు అన్నది తప్పక రాయాలి.

ఇప్పుడు ఆ కాగితాన్ని ఈ ప్రయోగం చూడని మరో స్నేహితునికి ఇవ్వండి. మొదట అంకెలు మాత్రమే చూపించి, ఎవరు గెలుస్తారో చెప్పమనండి. ఆ తరువాత వాటి పక్కన రాసినవి కూడా చూపించండి. అతను తన తీర్పు మార్చుకుంటాడేమో గమనించండి!