కెనడా లీ

కెనడా లీ (మార్చి 3, 1907 – మే 9, 1952) అమెరికాకు చెందిన రంగస్థల, చలనచిత్ర నటుడు. ఆఫ్రికన్ అమెరికన్ నటులకు హాలీవుడ్‌లో నౌకరు పాత్రలు, హాస్యపాత్రలు తప్ప వేరేవి దొరకని కాలంలో ఈయన గౌరవప్రదమైన పాత్రల కోసం పట్టుబట్టాడు. నటించిన చిత్రాలు వేళ్ళపై లెక్కింపదగినవే. కమ్యూనిస్టు సానుభూతిపరుడన్న ముద్ర వలన చివరి సంవత్సరాలలో అవకాశాలు కోల్పోయి, 45 ఏళ్ళ వయసులోనే మరణించాడు.

బాల్యము, తొలి జీవితము

ఈయన అసలు పేరు లియొనార్డ్ లయొనెల్ కార్నీలియస్ కానెగాటా. న్యూయార్కు నగరంలోని మన్‌హాటన్‌లో జన్మించాడు. తండ్రి కరీబియన్ ద్వీపమైన సెయింట్ క్రాయ్ నుండి వలస వచ్చినవాడు. లీ చిన్నతనంలో వయొలిన్ నేర్చుకొని కచేరీ చేసే స్థాయికి చేరాడు. అయితే 14 ఏళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి సారటోగా వెళ్ళి, గుర్రపు పందేలలో జాకీగా పనిచేశాడు. ఎత్తు, బరువు పెరగడంతో ఆ వృత్తి సాగలేదు.

తరువాత బాక్సింగ్‌లో ప్రవేశించాడు. ఒక పోటీలో ప్రకటనకర్త ఈయన పేరును సరిగా పలుకలేక "కెనడా లీ" అని చదివాడని, ఆ పేరే స్థిరపడిందని చెబుతారు. వెల్టర్‌వెయిట్ తరగతిలో మేటి క్రీడాకారులలో ఒకడిగా ఎదిగాడు. కాని రింగులో తగిలిన దెబ్బకు కంటిలోని రెటీనా ఊడిపోయి ఒక కంటి చూపు పోయింది. దానితో 1930ల తొలినాళ్ళలో బాక్సింగ్ విరమించవలసి వచ్చింది.

రంగస్థలము

ఆర్థికమాంద్యపు రోజులలో పని వెదుకుతూ 1934లో హార్లెంలోని వై.ఎం.సి.ఎ.కు వెళ్ళిన లీ, అక్కడ జరుగుతున్న నాటక ఎంపికలో పాల్గొని నటుడయ్యాడు. 1936లో ఫెడరల్ థియేటర్ పథకం క్రింద ఆర్సన్ వెల్స్ దర్శకత్వంలో నల్లజాతి నటులతో ప్రదర్శించిన షేక్‌స్పియర్ "మాక్బెత్"లో బాంక్వో పాత్ర ధరించాడు. లఫాయెట్ థియేటరులో జరిగిన ఈ ప్రదర్శన సంచలనం కలిగించింది.

1941లో రిచర్డ్ రైట్ నవల "నేటివ్ సన్" ఆధారంగా బ్రాడ్వేలో వచ్చిన నాటకంలో బిగర్ థామస్ అనే ప్రధానపాత్ర లీకి విశేష కీర్తి తెచ్చిపెట్టింది. దీనికి కూడ వెల్స్ దర్శకుడే. 1945లో "టెంపెస్ట్"లో కాలిబాన్‌గా నటించాడు. 1946లో "డచెస్ ఆఫ్ మాల్ఫీ"లో ముఖానికి తెల్లరంగు పూసుకొని బొసోలా పాత్ర ధరించాడు. శ్వేతజాతి నటులు ముఖానికి నల్లరంగు పూసుకొని నటించే సంప్రదాయం చిరకాలంగా ఉన్న దేశంలో ఇది దానికి సరిగా ఎదురు ప్రయోగం.

చలనచిత్రములు

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన "లైఫ్‌బోట్" (1944) లీకి గుర్తింపు తెచ్చిన తొలి హాలీవుడ్ చిత్రం. జర్మన్ జలాంతర్గామి దాడిలో ఓడ మునిగిపోగా, ఒక పడవలో మిగిలినవారి కథ ఇది. ఇందులో లీ ఓడ పరిచారకుడు జో పాత్ర ధరించాడు. అప్పటి ఆచారం ప్రకారం వ్రాసిన యాస సంభాషణలను లీ మార్పించాడు. అయినా తన మూలకథలోని నల్లజాతి పాత్రను చిత్రంలో కించపరిచారని రచయిత జాన్ స్టైన్‌బెక్ నిర్మాణసంస్థకు నిరసన తెలిపాడు. పాత్ర తీర్చిదిద్దడంపై నటునికి ఉన్న అధికారం ఎంత స్వల్పమో దీనివలన తెలుస్తుంది.

"బాడీ అండ్ సోల్" (1947) లీ నటనకు గీటురాయి. జాన్ గార్‌ఫీల్డ్ నాయకుడు. రాబర్ట్ రాసెన్ దర్శకుడు. మెదడులో రక్తపు గడ్డ ఉన్న సంగతి దాచి, పందెపు వ్యాపారులు రింగులోకి దింపిన ఛాంపియన్ బెన్ చాప్లిన్‌గా లీ నటించాడు. బాక్సింగ్‌లో కన్ను పోగొట్టుకున్న నటుడు, అదే క్రీడకు బలి అయిన బాక్సరు వేషం వేయడం వలన ఆ సన్నివేశాలకు ప్రత్యేకమైన బలం చేకూరింది.

చివరి చిత్రం జోల్టాన్ కోర్డా దర్శకత్వంలో ఆలన్ పేటన్ నవల ఆధారంగా వచ్చిన "క్రై, ది బిలవ్డ్ కంట్రీ" (1951). తప్పిపోయిన కుమారుని వెదుకుతూ జొహన్నెస్‌బర్గ్ చేరిన మతాచార్యుడు స్టీఫెన్ కుమాలో పాత్ర లీది. సిడ్నీ పాయిటియే ఈయన సహనటుడు. వర్ణవివక్ష చట్టాలు అమలులో ఉన్న దక్షిణాఫ్రికాలోనే చిత్రీకరణ జరిగింది. అక్కడ ప్రవేశించడానికి వీరిద్దరినీ దర్శకుని ఒప్పంద కూలీలుగా చూపవలసి వచ్చింది.

నిషేధము, మరణము

లీ జాతివివక్షకు వ్యతిరేకంగా సభలలోను, రేడియోలోను గళమెత్తినవాడు. 1949లో జూడిత్ కోప్లన్ గూఢచర్య విచారణలో బయటపడిన ఎఫ్.బి.ఐ. పత్రాలలో ఈయన పేరు కనిపించింది. తాను కమ్యూనిస్టును కానని లీ బహిరంగంగా ప్రకటించినా ప్రయోజనం లేకపోయింది. రేడియో, టెలివిజన్ అవకాశాలు మూసుకుపోయాయి. ఇట్టి నిషేధపు జాబితాలకు న్యాయస్థానపు తీర్పు అవసరం లేదు. ప్రకటనదారుల, నిర్మాతల భయమే చాలు. అందువలన వాటిపై అప్పీలు చేసుకునే మార్గం కూడ లేదు.

ఆరోగ్యం క్షీణించి లీ 1952 మే 9న న్యూయార్కులో మరణించాడు. ఆయన తోటి నటుడు, అదే అనుమానాలకు గురైన జాన్ గార్‌ఫీల్డ్ 12 రోజుల తరువాత, మే 21న 39 ఏళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు. పాయిటియే తరువాతి కాలంలో నాయకపాత్రలతో ఎదిగి 1964లో ఆస్కార్ పురస్కారం అందుకొన్నాడు. ఆ మార్గాన్ని కొంతవరకు చదును చేసిన లీ పేరు మాత్రం చాలకాలం మరుగున పడింది.

నటించిన చిత్రాలు

* కీప్ పంచింగ్ (1939)
* లైఫ్‌బోట్ (1944)
* బాడీ అండ్ సోల్ (1947)
* లాస్ట్ బౌండరీస్ (1949)
* క్రై, ది బిలవ్డ్ కంట్రీ (1951)