కరువు తెలిసిన బడి

జహీరాబాద్ అనగానే ముంబయి హైవే, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, అల్లం, చెరకు గుర్తొస్తాయి. హైవే దిగి ఝరాసంగం మండలంలోకి వెళితే మాచునూరు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తర్వాతి దశకంలో ఈ ఊళ్లో పచ్చసాలె అనే బడి పెట్టింది.

గొర్లు కాసిన పిల్లలు, జీతానికున్న పిల్లలు, బడి మధ్యలో మానేసినవాళ్లు అక్కడ చేరారు. ఎక్కువమంది దళిత కూలీల బిడ్డలే. చదువుతోపాటు వడ్రంగం, కుండలు చేయడం, తాపీ పని, కుట్టు, పుస్తకాల బైండింగ్, మూలికా వైద్యం, సేద్యం నేర్పారు. కూలోళ్ల పిల్లలకు మళ్లీ ఒళ్లొంచే పనేనా అని అడగాల్సిందే. కానీ వీటిలో చాలా పనులు ఊళ్లో ఒక్కో కులానికి కట్టుబడ్డవి. దళితవాడ ఆడపిల్ల ఉలి, తాపీ పట్టడమంటే చిన్న సంగతి కాదు.

ఇక్కడి చెలకల్లో జొన్న, కంది, సామ, కొర్ర కలిపి వేస్తారు. వాన ఎగ్గొడితే ఒకటి పోయినా మరొకటి గింజనిస్తుంది. పచ్చసాలె చదువూ అదే తీరు. ఉద్యోగం వస్తుందన్న ధీమా మీద కట్టిన బడి కాదది.

ఈ బడిలో చదివిన జనరల్ నర్సమ్మ, సొసైటీ పెట్టిన రేడియోకు గొంతయింది. ఆ రేడియో కథ ఓపిక కథ. యునెస్కో సాయంతో 1990ల చివరికే స్టూడియో సిద్ధం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచిన విధానం 2006లో గానీ రాలేదు. అందాకా సొసైటీ మహిళా సంఘాల ఆడవాళ్లు ఊరుకోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లకెక్కించి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్‌ఎం మీద సంఘం రేడియో మొదలైంది. నర్సమ్మతోపాటు మైకు పట్టిన అల్గోల్ నర్సమ్మదీ దళిత కుటుంబమే. ప్రసారం రాత్రి ఏడింటి నుంచి తొమ్మిది దాకా. కైకిలి నుంచి వచ్చి పొయ్యి వెలిగించే వేళ అది.

సొసైటీని నడిపించిన పి.వి.సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఇప్పుడు ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక మండలి కోసం వేల ఎకరాలు సేకరిస్తున్నారు. తాపీ పనికీ, కుట్టుకీ ఫ్యాక్టరీల పక్కన కూడా గిరాకీ దొరకొచ్చు. సేద్యం నేర్చినవాళ్లకు మాత్రం చెలకే కావాలి.