చదువుకు విరాళం, పన్నులో మినహాయింపు: అమెరికా కొత్త చట్టం ఏం చెబుతోంది?

మన ఊళ్ల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మన సొసైటీలాంటి సంస్థలకు విరాళాలు పంపేవారు కూడా వారిలో ఉన్నారు. అందుకే అక్కడ విద్యా విరాళాలపై వచ్చిన కొత్త చట్టం గురించి మనమూ తెలుసుకోవడం మంచిది.

2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పెద్ద పన్నుల చట్టంలో ఇది ఒక భాగం. 2027 జనవరి 1 నుంచి వర్తిస్తుంది. పాఠశాల విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే గుర్తింపు పొందిన సంస్థకు నగదు విరాళం ఇస్తే, ఏడాదికి 1,700 డాలర్ల వరకు కేంద్ర ఆదాయపు పన్నులో తగ్గుతుంది.

ఇది మన 80జి లాంటిది కాదు. ఇక్కడ పాత పన్ను విధానంలో ఉన్న వ్యక్తి 50 శాతం మినహాయింపున్న సంస్థకు 10,000 రూపాయలిస్తే, ఆదాయంలో 5,000 తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉంటే, సెస్సు కలపకుండా, మిగిలేది 1,000 రూపాయలే. అక్కడ 5,000 డాలర్ల పన్ను కట్టాల్సిన వ్యక్తి 1,700 విరాళమిస్తే, కట్టాల్సింది 3,300 మాత్రమే. అంటే ఇచ్చినదంతా తిరిగి వచ్చినట్టే. అయితే కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే, మిగిలిన సొమ్మును చేతికివ్వరు. తర్వాతి ఐదేళ్ల వరకు సర్దుకోవచ్చు.

ఇందులో రాష్ట్రాలదే కీలక పాత్ర. ప్రతి రాష్ట్రమూ ఈ పథకంలో చేరాలో వద్దో తానే తేల్చుకోవాలి. చేరితే తన పరిధిలోని అర్హత గల సంస్థల జాబితాను కేంద్రానికి పంపాలి. జాబితాలో ఉన్న సంస్థలకిచ్చిన విరాళానికే ఈ మినహాయింపు వర్తిస్తుంది. చేరని రాష్ట్రంలో ఉండేవారు కూడా చేరిన రాష్ట్రంలోని సంస్థకు విరాళమిచ్చి పన్ను తగ్గించుకోవచ్చు. అప్పుడు దాతకు నష్టం లేదు. ఆ స్కాలర్‌షిప్పులు అందనిది సొంత రాష్ట్రపు పిల్లలకే.

అలాగని అన్ని రాష్ట్రాలూ వెంటనే సరేననలేదు. ఈ సొమ్ముతో ప్రైవేటు పాఠశాలల ఫీజులూ కట్టవచ్చు కాబట్టి ప్రభుత్వ బడులు బలహీనపడతాయన్నది వారి భయం. విస్కాన్సిన్ గవర్నర్ టోనీ ఎవర్స్ చేరబోమన్నారు. నార్త్ కరోలినా గవర్నర్ జాష్ స్టైన్ తమ శాసనసభ ఆమోదించిన బిల్లును 2025 ఆగస్టులో వీటో చేశారు. అయితే కేంద్రం మార్గదర్శకాలు వచ్చాక, ప్రభుత్వ బడి పిల్లలకు మేలు జరిగేలా చేరే ఉద్దేశముందని కూడా చెప్పారు.

ఆ మాటలో విషయముంది. ఎందుకంటే చట్టం ఫీజులతో ఆగలేదు. ట్యూషన్, పుస్తకాలు, కంప్యూటర్, యూనిఫాం, రవాణా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సేవలు కూడా అర్హమైన ఖర్చుల్లో ఉన్నాయి. ఇస్లామిక్, క్యాథలిక్ పాఠశాలల పిల్లలతో పాటు ప్రభుత్వ బడి పిల్లలు కూడా అర్హులే.

సంస్థలకు నిబంధనలు గట్టిగానే పెట్టారు. ఆదాయంలో కనీసం 90 శాతం స్కాలర్‌షిప్పులకే ఖర్చు చేయాలి. కనీసం పది మంది విద్యార్థులకు ఇవ్వాలి, వారంతా ఒకే బడి పిల్లలై ఉండకూడదు. కుటుంబ ఆదాయాన్ని పరిశీలించాలి. ఫలానా పిల్లవాడికే ఇవ్వమని దాత చెప్పడానికి వీల్లేదు.

కానీ ఆదాయ పరిమితి ఉదారంగా ఉంది. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి మూడు రెట్ల వరకు ఉన్న కుటుంబాలు అర్హమే. అంటే పేదవాడి బిడ్డ, బాగా కలిగినవాడి బిడ్డ ఒకే వరుసలో నిలబడతారు. పైగా నిరుడు స్కాలర్‌షిప్పు పొందినవారికి, తర్వాత వారి తోబుట్టువులకు ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతోంది. కాబట్టి మొదటి ఏడాది ఎవరిని ఎంపిక చేస్తారన్నదే ముఖ్యం.

అమెరికాలోని మన సోదర సోదరీమణులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. భారతదేశంలోని సొసైటీలకు పంపే డబ్బుకు ఈ మినహాయింపు వర్తించదు, కనుక దీన్ని ఆ విరాళానికి బదులుగా చూడకూడదు. రెండోది, పన్ను రూపంలో తిరిగి వచ్చే సొమ్ము నిజానికి ప్రజల ఖజానాది. అది ఎవరికి చేరాలో ఎంచుకునే బాధ్యత మాత్రం దాతది. ఇచ్చే ముందు ఆ సంస్థను ఒక్క మాట అడగండి: మీరు ముందుగా ఏ పిల్లల దరఖాస్తు చూస్తారు? పేద పిల్లలవని జవాబొస్తే సంతోషంగా ఇవ్వండి.