శిలారోహణ పోటీలు – అర్హత సోపానాలు

శ్రీనగర్ కాలనీ నుండి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు సాగే దారి ఎత్తుపల్లాలమయం. ఆ ప్రాంతంలో భవనాల నడుమ అక్కడక్కడ మిగిలిన గ్రానైటు బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నగరం పెరిగేకొద్దీ ఎన్నో బండలు పగిలి పునాదిరాళ్లయ్యాయి. మిగిలినవాటిని కాపాడాలన్న సంకల్పంతో 1996లో హైదరాబాదులో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. శిలారోహణం నేర్చుకొనేవారికి ఇటువంటి బండలే సహజమైన పాఠశాలలు.

అయితే సహజమైన బండ మీద న్యాయమైన పోటీ నిర్వహించడం కష్టం. ఇంటి ప్రక్కనున్న బండలోని ప్రతి పగులూ స్థానిక విద్యార్థికి కంఠస్థమే. దూరం నుండి వచ్చినవానికి అది కొత్త. ఈ వ్యత్యాసాన్ని తొలగించడానికే పోటీలను కృత్రిమమైన గోడల మీద నిర్వహిస్తారు. గోడకు బిగించే పట్టులను పోటీకి ముందు కొత్తగా అమరుస్తారు. ఈ క్రీడలో బౌల్డరింగ్, లీడ్, స్పీడ్ అని మూడు విభాగాలున్నాయి. అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క అర్హతా పద్ధతి ఉంది.

బౌల్డరింగ్‌లో తాడు ఉండదు. క్రింద మెత్తని పరుపులుంటాయి. అర్హతా దశలో అయిదు మార్గాలు, ఒక్కొక్కదానికి 5 నిమిషాలు. ఒకరి ప్రయత్నాన్ని మరొకరు చూడకుండా పోటీదారులను వేరుగా ఉంచుతారు. 2025లో వచ్చిన విధానంలో శిఖరం చేరితే 25 పాయింట్లు, మధ్యనున్న ‘జోన్’ పట్టు వరకే చేరితే 10 పాయింట్లు లభిస్తాయి. విఫలమైన ప్రతి ప్రయత్నానికీ 0.1 పాయింటు తగ్గుతుంది. కనుక తొందరపడి ఎగబ్రాకడం కంటే ముందుగా ఆలోచించడం మేలు.

లీడ్‌లో నడుముకు తాడు కట్టుకొని ఎత్తైన గోడను 6 నిమిషాలలో ఎక్కాలి. ఒక్కసారి జారితే ఆ ప్రయత్నం ముగిసినట్లే. అర్హతా దశలో రెండు మార్గాలుంటాయి. రెండింటిలో వచ్చిన స్థానాలను గుణించి, ఆ లబ్ధానికి వర్గమూలం కడతారు. ఉదాహరణకు, ఒకరికి రెండు మార్గాలలోనూ 5వ స్థానం వస్తే ఫలితం 5. మరొకరికి 2, 8 స్థానాలు వస్తే ఫలితం 4. రెండు జతల మొత్తమూ పదే అయినా, తక్కువ సంఖ్య వచ్చిన రెండవ వ్యక్తి ముందుంటాడు. ఒక మార్గంలోనైనా అసాధారణ ప్రతిభ చూపినవారిని ఈ లెక్క ఆదరిస్తుంది.

స్పీడ్ విభాగంలో 15 మీటర్ల గోడ, దానిపై పట్టుల అమరిక ప్రపంచమంతటా ఒకటే. ప్రతి పోటీదారుడూ ప్రక్కప్రక్కనున్న రెండు వరుసలలో ఒక్కొక్కసారి ఎక్కుతాడు. వాటిలో మెరుగైన సమయాన్నే లెక్కిస్తారు. సాధారణంగా తొలి 16 మంది తుదిదశకు చేరుతారు.

అమెరికాలో కళాశాల విద్యార్థులకు ప్రత్యేకమైన జాతీయ శిలారోహణ పోటీలున్నాయి. మనదేశంలో ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ పర్యవేక్షణలో మండల స్థాయి పోటీలు జరుగుతాయి. వాటిలో ముందు నిలిచినవారు జాతీయ స్థాయికి వెళతారు. మన తెలుగువారు దక్షిణ మండలంలో పోటీపడతారు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఈ క్రీడ తొలిసారిగా ప్రవేశించింది.

పరిచయమున్నవారికీ లేనివారికీ ఒకే అవకాశం కల్పించడమే అర్హతా నియమాల పరమార్థం. గోడ ఎవరి ఊరినీ, ఎవరి కళాశాలనూ అడగదు; పట్టు దొరికిన క్షణంలో తీసుకొనే నిర్ణయాన్నే పరీక్షిస్తుంది. గోడలను ఎప్పుడైనా కట్టుకోవచ్చు. పగులగొట్టిన బండను మాత్రం తిరిగి నిలపలేము. ఈ విద్యకు తొలిగురువులైన శిలలను రక్షించుకోవడం కూడా ఆరోహకుల బాధ్యతే.