రోడ్డు మీద పది రోజులు: అనుమానితుల టైమ్‌లైన్‌ని పోలీసులు ఎలా కట్టారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక క్రైమ్ కేసు గురించి మాట్లాడుకుందాం. భయపెట్టే మ్యూజిక్ ఏమీ ఉండదు. ఎవరి పేర్లూ చెప్పను. చంపినవాళ్ల పేర్లు ఇప్పటికే లోకమంతా తిరిగాయి, చనిపోయినవాళ్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మనకి కావాల్సింది ఒక్కటే: వేల కిలోమీటర్ల రోడ్డు మీద ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో పోలీసులు ఎలా తేలుస్తారు?

కేసు కెనడాది, 2019 జులై. వాంకూవర్ ఐలాండ్‌లోని పోర్ట్ ఆల్బర్నీ అనే ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు, ఒకడికి 19, ఇంకొకడికి 18, ఉద్యోగాల కోసం యూకాన్ వెళ్తున్నాం అని చెప్పి 12వ తేదీన పికప్ ట్రక్‌లో బయల్దేరారు. అదే రోజు దారిలో ఒక షాపులో, లైసెన్స్ చూపించి, ఒక రైఫిల్ కొన్నారు. టైమ్‌లైన్‌లో మొదటి చుక్క ఇదే. షాపు రికార్డు కాబట్టి డౌట్ లేదు.

జులై 15 ఉదయం అలాస్కా హైవే పక్కన, లియార్డ్ హాట్ స్ప్రింగ్స్‌కి 20 కిలోమీటర్ల దక్షిణంగా, ఒక యువ జంట శవాలు దొరికాయి. అబ్బాయిది ఆస్ట్రేలియా, అమ్మాయిది అమెరికా. వాళ్ల పాత వ్యాన్ కూడా అక్కడే ఉంది. 13వ తేదీ సాయంత్రం ఫోర్ట్ నెల్సన్ పెట్రోల్ బంక్ సీసీటీవీలో ఇద్దరూ మామూలుగా కనిపించారు. అంటే ఆ సాయంత్రానికీ, 15 ఉదయానికీ మధ్య జరిగిందన్నమాట. దీన్ని విండో అనుకుందాం. ప్రాణాలతో చివరిసారి ఎప్పుడు కనిపించారు, శవం మొదటిసారి ఎప్పుడు కనిపించింది, ఈ రెండింటి మధ్య గ్యాప్. ఇన్వెస్టిగేషన్‌లో సగం పని ఆ విండోని చిన్నది చేయడమే.

ఇక 18వ తేదీ మధ్యాహ్నం మూడుంబావుకి ఆ కుర్రాళ్లు డీజ్ లేక్‌లో ఒక స్టోర్ నుంచి బయటికొస్తూ కనిపించారు. 19 ఉదయం ఆ ఊరికి 50 కిలోమీటర్ల దక్షిణంగా, హైవే 37 మీద, వాళ్ల ట్రక్ కాలిపోతూ కనిపించింది. దానికి 2 కిలోమీటర్ల దూరంలో 64 ఏళ్ల ఒక పెద్దాయన శవం. యూనివర్సిటీలో బోటనీ చెప్పే లెక్చరర్ ఆయన. ఆయన కారు, ఒక టొయోటా ర్యావ్‌ఫోర్, అక్కడ లేదు.

ఇక్కడే ఒక విషయం గమనించండి. ట్రక్ కాలిపోయింది, కుర్రాళ్లు లేరు. మీరైతే ఏమనుకుంటారు? వాళ్లకీ ఏదో అయ్యింది అనుకుంటారు కదా. పోలీసులూ అలాగే, మొదట వాళ్లని తప్పిపోయినవాళ్లుగానే లెక్కేశారు. అనుమానితులు అని ప్రకటించింది జులై 23న. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ పడిపోతే మొదటి పని లాగ్స్ అన్నీ ఒక చోట పెట్టడం. నాలుగు సర్వర్లు నాలుగు గడియారాలతో నడుస్తుంటే ఏది ముందో ఏది వెనకో అర్థం కాదు. అందుకే అన్నింటినీ ఒకే టైమ్‌కి మార్చాలి. ఇక్కడా అంతే. మన దేశంలో శ్రీకాకుళం నుంచి గుజరాత్ దాకా ఒకే టైమ్. కెనడాలో అలా కాదు. జులైలో మానిటోబాలో సాయంత్రం 7 అయితే బ్రిటిష్ కొలంబియాలో 5. దానికి తోడు షాపు సీసీటీవీ గడియారం పది నిమిషాలు తప్పు తిరుగుతుండొచ్చు. ఫుటేజ్ తీసుకునేటప్పుడు ఆ తేడా కూడా రాసుకోవాలి.

తర్వాతి చుక్కలు 21వ తేదీవి. ఆల్బెర్టాలోని కోల్డ్ లేక్ దగ్గర వాళ్ల కారు మట్టిలో దిగబడితే, అక్కడుండే ఒకాయన, వీళ్లెవరో తెలీక, సాయం చేసి బయటికి లాగాడు. అదే రోజు సస్కాచెవాన్‌లోని మెడో లేక్‌లో ఒక షాపు కెమెరాకి చిక్కారు.

ఇది సాధ్యమేనా? డీజ్ లేక్ నుంచి కోల్డ్ లేక్‌కి రోడ్డు మీద దాదాపు 2,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ కంటే ఎక్కువ. గంటకి 80 వేసుకుంటే 25 గంటల డ్రైవింగ్. 19 ఉదయం నుంచి 21 దాకా రెండు రోజులు ఉంది, మార్చుకుని నడపడానికి ఇద్దరున్నారు. సరిపోతుంది. సరిపోకపోయుంటే రెండు చుక్కల్లో ఒకటి తప్పని అర్థం. కానీ ఒక జాగ్రత్త: లెక్క కుదిరిందంటే జరిగిందని కాదు, జరిగే వీలుందని మాత్రమే. జరిగిందని చెప్పేది కెమెరా, సాక్షి, తుపాకీ గుండ్ల ఆధారాలు.

జులై 22. మానిటోబాలోని స్ప్లిట్ లేక్ దగ్గర స్థానిక క్రీ జాతి కమ్యూనిటీకి ఒక చెక్‌పాయింట్ ఉంది. అక్కడికి మద్యం రానివ్వరు. సిబ్బంది ఈ కారుని ఆపి, చూసి, పంపేశారు. వాళ్ల తప్పేం లేదు. అప్పటికి ఆ ఇద్దరూ తప్పిపోయిన పిల్లలే, అనుమానితులు అని చెప్పింది మర్నాడు! టైమ్‌లైన్ ఒక్క రోజు ముందు కుదిరుంటే అక్కడే ఆగేవాళ్లేమో. చుక్కలు త్వరగా కలపడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అదే సాయంత్రం గిల్లమ్ అనే చిన్న ఊరి దగ్గర ఆ కారు కాలిపోయి దొరికింది. రోడ్డు దాదాపు అక్కడితో అయిపోతుంది, ఆ తర్వాత అడవి, బురద, దోమలు. డ్రోన్లు, కుక్కలు, మిలిటరీ విమానాలతో రోజుల తరబడి వెతికారు. 28న యార్క్ ల్యాండింగ్‌లో చూశామని కబురొస్తే బలగాలు అక్కడికి పరిగెత్తాయి. ఏమీ దొరకలేదు. అంత నడిచే టైమ్ ఉంది కాబట్టి లెక్క దాన్ని కొట్టేయలేకపోయింది, వెళ్లి చూడాల్సిందే.

ఆగస్టు 7న, కాలిన కారుకి 8 కిలోమీటర్ల దూరంలో, నెల్సన్ నది దగ్గర ఇద్దరి శవాలు దొరికాయి. ఒకడు ఇంకొకడిని కాల్చి, తర్వాత తనని తాను కాల్చుకున్నట్టు తేలింది. పక్కనున్న కెమెరాలో 6 వీడియోలు. ముగ్గురినీ చంపింది మేమే అని అందులో ఒప్పుకున్నారు. ఎందుకు చంపారో మాత్రం చెప్పలేదు. కోర్టులో విచారణ జరగనే లేదు.

చూశారా, టైమ్‌లైన్ ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది చెప్తుంది. ఎందుకు అన్నది చెప్పదు. ఆ ఖాళీని మనం యూట్యూబ్ కథలతో నింపకూడదు. మీరు ఏదైనా నిజంగా చూస్తే పోలీసులకి టైమ్, చోటు, బండి రంగు చెప్పండి. ఫోటో ఉంటే ఒరిజినల్ ఫైల్ ఇవ్వండి, వాట్సాప్‌లో మామూలుగా ఫార్వర్డ్ చేస్తే ఫోటో లోపలుండే టైమ్, లొకేషన్ వివరాలు పోతాయి. మీరు ఇచ్చే ఒక్క చుక్క కేసులో ఒక రోజుని ముందుకి జరపొచ్చు. ఆ ఒక్క రోజు ఎంత విలువైనదో స్ప్లిట్ లేక్ దగ్గర చూశాం కదా.

డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.