నమూనా రైలు మోటారునకు తగిన డీకోడరు

అమెరికా, ఐరోపా దేశములలో నిజమైన రైలును 87వ వంతునకు తగ్గించి చేసిన 'హెచ్.ఓ.' నమూనా రైళ్లను నడుపుట పలువురికి అభిరుచి. ఒకే పట్టాలపై అనేక ఇంజనులను వేర్వేరు వేగములతో నడుపవలెనన్నచో, ప్రతి ఇంజనులోను ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలకను అమర్చుదురు. అది పట్టాలగుండా వచ్చు సంకేతములను గ్రహించి, మోటారునకు విద్యుత్తును అందించును. దీనినే డీకోడరు అందురు. ఇది ఎంత విద్యుత్ప్రవాహమును భరించగలదో తయారీదారులు తెలుపుదురు.

పరుగిడు మోటారు 0.3 ఆంపియరు తీసికొనుచున్నచో, 0.5 ఆంపియరు డీకోడరు చాలునని తోచును. కాని అది చాలదు. ఏలన?

మోటారు తిరుగునపుడు జనరేటరువలె కూడ పనిచేసి, ఎదురు వోల్టేజిని పుట్టించును. మోటారునకు 12 వోల్టులు ఇచ్చితిమనుకొందము. తీగచుట్టల నిరోధము 10 ఓములు, ఎదురు వోల్టేజి 9 వోల్టులు అయినచో, మిగిలిన 3 వోల్టులే ప్రవాహమును నడుపును. ఓం నియమము ప్రకారము అది 3 ÷ 10 = 0.3 ఆంపియరు. పళ్లచక్రములలో దారము చిక్కుకొని మోటారు ఆగిపోయినచో, ఎదురు వోల్టేజి శూన్యమగును. అప్పుడు ప్రవాహము 12 ÷ 10 = 1.2 ఆంపియర్లు! ప్రవాహము నాలుగింతలైనచో, అదే నిరోధములో పుట్టు వేడి పదునారింతలగును. డీకోడరు మాడిపోవచ్చును.

కావున ఆగిన మోటారు తీసికొను ప్రవాహమును ముందే కొలువవలెను. డీకోడరు లేకుండ, మోటారుతో శ్రేణిలో అమ్మీటరును కలిపి, 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఇచ్చి, చక్రములను ఒకటి రెండు సెకనులు మాత్రమే పట్టి ఆపవలెను. అప్పుడు వోల్టేజి తగ్గినచో కొలతయు తక్కువగా వచ్చును. పై మోటారునకు 1.5 ఆంపియర్లను ఎడతెగక భరించు డీకోడరు తగును. క్షణకాలపు గరిష్ఠ విలువను చూచి కొనరాదు.